అలమారలోంచి ఊఁ

అత్తగారు పొద్దున్నే పెద్ద సంచీని మంచం మీద పెట్టుకుని సర్దడం మొదలుపెట్టారు. చెల్లెలింటికి వెళ్లి నాలుగు రోజులుండి వస్తానని ముందు రోజే ఇంట్లో చెప్పారు. నాలుగు రోజులకు రెండు జతలు చాలు. ఆవిడ మొదట బొంతలు పెట్టారు. వాటిమీద ఉన్ని శాలువాలు, పోయిన భర్త తాలూకు పాత కోటు, తలగడ గలేబులు, చలికాలం కూడా ఎవరూ వాడని మేజోళ్లు పెట్టారు. గోడలోకి కట్టిన పెద్ద అలమారలో చివరికి కొక్కేలు మాత్రం మిగిలాయి. ఆ సంచీని చూస్తే నాలుగు రోజుల మాట ఎంత నిజమో చంటిపిల్లకైనా తెలుస్తుంది. కానీ ఆ వారం ఆ ఇంట్లో ఒకరి సంచీ వైపు ఒకరు చూసే తీరిక లేదు.

కారణం పెద్ద పుస్తకం. కోడలిది గొంతుతో చేసే ఉద్యోగం. బస్టాండులో ఏ బస్సు ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పే రికార్డు గొంతు ఆమెదే. అది కాక, చదవలేనివాళ్ల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేస్తుంది. ఈసారి ఒక ప్రచురణ సంస్థ ఆమెకు ఒక వేదాంత గ్రంథం అప్పగించింది. దాన్ని రాసినాయన ఏ కాలంవాడో ఎవరికీ తెలియదు. పూర్తిగా చదివినవాడు మునుపటి మనిషిగా మిగలడని ముందుమాటలో ఉంది. ముందుమాట దాటి వెళ్లినవాళ్లు బహు కొద్దిమంది కనుక ఆ మాట అబద్ధమని ఎవరూ నిరూపించలేదు.

గ్రంథంలో ఆఖరి అధ్యాయం ఒక పేచీ. "ఇది మాటలతో చదువరాదు" అని ఒక్క వాక్యం, ఆ తర్వాత ఖాళీ కాగితాలు. దాన్ని ఎలా రికార్డు చేయాలన్నది ఎడిటరుగారు ఆలోచిస్తున్నారని సంస్థవాళ్లు చెప్పారు. ఆయన ఆలోచిస్తూ ఉండగానే ఆఫీసులో రెండు తరాల గుమాస్తాలు మారారట.

రికార్డింగుకు నిశ్శబ్దం కావాలి. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్జు ఆపేశారు. కుక్కరు మూలన పడింది. ఇల్లంతా వెతికితే గొంతు గుండ్రంగా, మెత్తగా వినిపించే చోటు ఒక్కటే దొరికింది: అత్తగారి గదిలోని అలమార. ఆవిడ బొంతల మధ్య స్టూలు వేసుకుని, తలుపు మూసుకుని, దీపం పెట్టుకుని కోడలు చదువుతుంది. చదివినంతసేపూ అత్తగారు వరండాలో ఉండాలి. దగ్గొస్తే మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్లి, అక్కడ దగ్గి రావాలి. అలా దగ్గి వస్తూ వస్తూ ఒకరోజు ఆవిడ తేల్చుకున్నారు. తను ఉంటే ఈ ఇంటికి చప్పుడు, లేకపోతే పని. ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోన్ చేసి, "వచ్చేస్తానే. మళ్లీ వెళ్లను," అన్నారు. ఇంట్లోవాళ్లతో మాత్రం నాలుగు రోజులన్నారు. పోయేవాళ్లు పోతున్నామని చెప్పి పోతే, ఆగమని ఎవరూ అనకపోతే, ఆ తర్వాత గుమ్మం దాటడం కష్టం.

ఆ ఉదయం కోడలు అలమారలో కూర్చుని తలుపు మూసుకుంది. చివరి అధ్యాయానికి ముందున్న అధ్యాయం సగం నిన్న అయింది. మిగతా సగం ఈ సాయంత్రానికి అందకపోతే పుస్తకం ఇంకో గొంతుకు ఇచ్చేస్తామని సంస్థవాళ్లు చెప్పేశారు. ఆమె గొంతు సవరించుకుని, "పోవువాడు లేడు, పోక యున్నది," అంది. ఆ మాట నూతిలోంచి అన్నట్టు తిరిగి వచ్చి ఆమె చెవికే తగిలింది. దీపం పైకెత్తి చూసింది. కొక్కేలు ఊగుతున్నాయి.

"అత్తయ్యా! బొంతలేవీ?"

"సంచీలో ఉన్నాయమ్మా."

"నాలుగు రోజులకి బొంతలెందుకత్తయ్యా?"

"చలికి."

"ఈ ఎండల్లోనా?"

"మా చెల్లెలింట్లో ఎప్పుడూ చలే. నీకేం తెలుసు, ఒక్కసారైనా వచ్చావా?"

కోడలు చేతిలోని కాగితాలు చూసుకుంది, గడియారం చూసింది, సంచీని చూసింది. ముందు గొంతు ఒకలా, తర్వాత ఒకలా ఉంటే అధ్యాయమంతా మళ్లీ చదవాలి. "ఒక్కపూట బొంతలిచ్చి వెళ్లండత్తయ్యా. మీ అబ్బాయితో పంపిస్తాను," అంది.

"నువ్వు పొమ్మని అనక్కర్లేదమ్మా. మధ్యాహ్నం బస్టాండులో ఎలాగూ మైకులో అంటావు," అన్నారు అత్తగారు, సంచీ జిప్పు లాగుతూ.

కోడలు మొగుణ్ని పిలిచింది. అతను లిఫ్టు మెకానిక్కు. భార్య రికార్డు చేసిందాన్ని లాప్‌టాప్‌లో పెట్టి, దగ్గులూ తడబాట్లూ కోసి శుభ్రం చేయడం కూడా అతని పనే. ఇరవై అంతస్తుల భవనంలో ఇరుక్కున్నవాళ్లను ధైర్యం చెప్పి బయటకు తీయగలడు. ఇంట్లో మాత్రం నోరు విప్పితే మనుషులు ఇంకాస్త ఇరుక్కుంటారు.

"అమ్మా, నువ్వు వెళ్తే వెళ్లు. నిన్నెవరూ ఆపట్లేదు. ఆ బొంతలు మాత్రం ఉంచి వెళ్లు," అన్నాడు.

అత్తగారు సంచీని మంచం మీంచి నేలకు లాగి దానిమీద కూర్చున్నారు.

"అంటే నేను పోయినా ఫర్వాలేదు, నా బొంతలుంటే చాలు."

"అలా కాదమ్మా..."

"మరెలా? మీ నాన్న కోటు కూడా కావాలా? అదీ ఇందులోనే ఉంది. నన్ను లేపి తీసుకో."

లేపడం ఎవరి వల్లా కాలేదు. అరగంట బతిమాలారు. చివరికి మెకానిక్కుకు తన వృత్తికి తగిన ఆలోచన వచ్చింది. బరువును విడదీయలేనప్పుడు, బరువుతో సహా జరపాలి. సంచీ కింద చెక్క పలక తోసి, సంచీనీ దానిమీది అమ్మనీ కలిపి నెమ్మదిగా అలమారలోకి జరిపాడు. బయట నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టి చెవి పెట్టి విన్నాడు.

"భలే! నిన్నటికంటే మెత్తగా ఉంది. బొంతలకన్నా అమ్మే నయం."

"ఇన్నాళ్లకి ఒప్పుకున్నావు," అన్నారు లోపల్నుంచి అత్తగారు.

కోడలు స్టూలు వేసుకుని ఆవిడ ఎదురుగా ఇరుక్కుని కూర్చుంది. మోకాళ్లకు మోకాళ్లు తగులుతున్నాయి. తలుపు మూశారు. మధ్యాహ్నం బస్సుకు ఇంకా టైముందని, అంతవరకు చప్పుడు చేయననీ అత్తగారు మాటిచ్చారు.

"పోవువాడు లేడు, పోక యున్నది. ఆ పోకకు తావు లేదు..."

"ఊఁ," అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, ఊఁ కొట్టకూడదు."

"నేను కొట్టలేదే?"

"కొట్టారు."

"చెప్తుంటే ఊఁ కొట్టకుండా ఎలా ఉంటారమ్మా? గోడకి చెప్పినట్టుండదూ?"

మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఊఁ వచ్చింది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఈసారి ఊఁ ముక్కులోంచి వచ్చింది. అరవై ఏళ్లుగా పిల్లల ఫిర్యాదులకూ, ఇరుగుపొరుగు కష్టాలకూ, భర్త చెప్పిందే చెప్పే ఆఫీసు గొడవలకూ ఊఁ కొట్టిన మనిషి. అది ఊపిరితో కలిసిపోయింది. ఊపిరి ఆపితే తప్ప ఊఁ ఆగదు. మెకానిక్కు బయటనుంచి, "కానీయండి, తర్వాత నేను కోసేస్తాను," అన్నాడు.

చదువు సాగింది. సాగేకొద్దీ కోడలికి ఒక సంగతి తెలిసింది. వాక్యాన్ని గబగబా అప్పజెప్పినట్టు చదివితే ఎదుటినుంచి ఏమీ రాదు. అలమార అలమారలాగే ఉంటుంది. అదే వాక్యాన్ని మళ్లీ ఆగి, ఎవరికో చెబుతున్నట్టు చదివితే అప్పుడు ఊఁ వస్తుంది. ఆ ఊఁ రాకుండా తర్వాతి వాక్యానికి వెళ్లడం ఆమెకు చేతకాలేదు. ఒక్కొక్క వాక్యం నాలుగేసి సార్లు చదివింది. మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. దాని పేరు, అది బయలుదేరే చోటు ఆమె గొంతే బస్టాండులో ప్రకటించింది. అలమారలో మాత్రం ఇద్దరికీ ఆ ధ్యాసే లేదు.

గోడ అవతలి వాటాలో ఉండే పొరుగావిడకు ధ్యాస ఉంది. ఆవిడ గోడకు ఆ వైపు మంచం వేసుకుని నడుం వాల్చింది. ఫ్యాన్లు ఆగిన ఇల్లు కనుక చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. గోడలోంచి ఎవరో ముసలావిడ ఆగి ఆగి ఊఁ, ఊఁ అని మూలుగుతోంది. పొరుగావిడ ఎవరి కష్టాన్నైనా తన దగ్గర ఉంచుకునే మనిషి కాదు. అత్యవసరానికని ఎప్పుడో రాసి ఇచ్చిన నంబరు వెతికి, అత్తగారి చెల్లెలికి ఫోన్ చేసింది. గోడలోంచి మూలుగు వినిపిస్తోందని మొదట చెప్పింది. చెల్లెలు భయపడేసరికి ఉత్సాహం వచ్చి, అలమారలో పెట్టి తలుపేసినట్టున్నారని కూడా అంది. ఫోన్ పెట్టేసేటప్పటికి ఆ తలుపుకు తాళం కూడా పడింది.

వెంటనే మెకానిక్కు ఫోన్ మోగింది. రికార్డింగు మధ్యలో ఉంది కాబట్టి అతను వంటింట్లోకి పరుగెత్తి గుసగుసగా మాట్లాడాడు.

"ఏరా, మీ అమ్మ ఏదీ? బస్సులో రాలేదేం?"

"అలమారలో ఉంది పిన్నీ."



"ఎందుకుందిరా అలమారలో?"

"బొంతలివ్వనంది పిన్నీ. అందుకని."

"ఓరి నీ దుంపతెగ! ఫోన్ దానికివ్వు!"

"ఇప్పుడు కుదరదు పిన్నీ. సాయంత్రం దాకా తలుపు తియ్యకూడదు. అమ్మ కూడా ఒప్పుకుంది, నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది."

తర్వాత పిన్ని అన్న మాటలు అతను ఎవరికీ చెప్పలేదు. సారాంశం ఒక్కటే. రేపు మధ్యాహ్నం బస్సులో అక్క దిగాలి. దిగకపోతే ఆ తర్వాతి బస్సులో తను పోలీసుల్ని వెంటబెట్టుకుని ఎక్కుతుంది.

సాయంత్రానికి అధ్యాయం పూర్తయింది. అత్తాకోడళ్లిద్దరూ చెమటతో తడిసి బయటకు వచ్చి, చెరొక చెంబు నీళ్లు తాగి, మాట్లాడే ఓపిక లేక చెరొక గోడకు ఆనుకున్నారు. మెకానిక్కు లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఊఁలన్నీ ఒక్కొక్కటే కోశాడు. అయితే వాటిని పారేయలేదు. విప్పిన మరను లిఫ్టు నడిచేదాకా పారేయకూడదన్నది అతని వృత్తిలో మొదటి పాఠం. అందుకని కోసిన ఊఁలన్నిటినీ వరసగా ఒక పక్కన అతికించి పెట్టాడు. శుభ్రమైన అధ్యాయాన్ని సంస్థకు పంపాడు. పంపినప్పుడు పక్కనున్నది కూడా దానితో పోయింది. అది అతను గమనించలేదు. లిఫ్టు నడిచిందనుకుని అన్నానికి లేచాడు.

మర్నాడు, బుధవారం ఉదయం, అత్తగారు మళ్లీ సంచీతో గుమ్మంలో నిలబడ్డారు. చెల్లెలి బెదిరింపు విన్నాక ఆగే వీల్లేదు. ఆవిడకు ఆగాలనీ లేదు. నిన్నంతా తనను ఆపింది బొంతల కోసం. ఈరోజు పంపేది పోలీసులు రాకుండా. సరిగ్గా అప్పుడే మెట్లమీద చప్పుడైంది. నెరిసిన గడ్డం, నలిగిన చొక్కా, చంకలో పెద్ద పుస్తకం. ఎడిటరుగారే స్వయంగా వచ్చారు. కళ్లు చూస్తే నిద్రపోయినట్టు లేదు.

"ఆఖరి అధ్యాయం విన్నాను," అన్నారాయన.

"మేం పంపలేదండీ," అంది కోడలు.

"పంపారు. మాటలతో చదవకూడని అధ్యాయం. మాట లేదు. ఒక్క ఊఁ. కానీ ఏ రెండు ఊఁలూ ఒకటి కావు. ఒకటి సందేహం, ఒకటి సమ్మతి, ఒకటి జాలి. నా జీవితమంతా వెతికాను. మీరెలా కనిపెట్టారు? ఆ గొంతు ఎవరిది?"

మెకానిక్కు మెల్లగా వెనక్కి తిరిగి లాప్‌టాప్ వైపు చూశాడు. కోడలు మొగుణ్ని చూసింది. ఇద్దరూ కలిసి అత్తగారిని చూశారు. ఆవిడకు ఫిర్యాదు వచ్చిందని అర్థమైంది.

"తప్పే బాబూ. నోరు మూసుకునే ఉన్నాను. ముక్కులోంచి వచ్చింది."

ఎడిటరుగారు చేతులు జోడించారు. "అందులో ఒక ఊఁ సాగి, సాగి, చప్పున తెగిపోతుంది తల్లీ. అక్కడ తమకేం గోచరించింది?"

"అక్కడ కాలు తిమ్మిరెక్కింది."

"అంతకుముందు, చాలా లోతుగా, నాభినుంచి వచ్చినట్టు?"

"ఆకలి బాబూ. ఎనిమిది గంటలకి తిన్నది."

ఆయన నిరుత్సాహపడలేదు. ఆ పుస్తకంతో అంతకాలం ఉన్న మనిషి అంత సులువుగా నిరుత్సాహపడడు. సంచీ వైపు చూసి, "ఎక్కడికో వెళ్తున్నట్టున్నారు. మిగతా అధ్యాయాలకి కూడా తమ ఊఁ కావాలి. ఎప్పుడొస్తారు?" అన్నారు.

అత్తగారు సంచీ పట్టీ సర్దుకున్నారు. కోడలు ఆ పట్టీ పట్టుకుని సంచీ అందుకోబోయింది. అది నేలమీంచి లేవలేదు. రెండో చెయ్యి కూడా వేసింది. అప్పుడు లేచింది. నిన్న అది బొంతల సంచీ. ఈరోజు అది నాలుగు రోజుల బరువు కాదని చేతికి తెలిశాక, వంగి ఉన్నది వంగినట్టే ఆమె అత్తగారి మొహం చూసింది.

"అత్తయ్యా, ఎప్పుడొస్తారు?"

"రికార్డింగు కోసమేనా?"

"కాదు."

"మరి?"

"ఆ పుస్తకం నాకు ఒక్క ముక్క అర్థం కాలేదత్తయ్యా. మీరు ఊఁ అన్నప్పుడు మాత్రం ఏదో చెప్పానని అనిపించింది. పొద్దస్తమానం మాట్లాడడమే నా పని. బస్టాండంతా నా మాటే. ఒక్కరైనా ఊఁ అంటారా? ఇంట్లో చెప్తే మీ అబ్బాయి 'ఆఁ?' అంటాడు."

"ఆఁ?" అన్నాడు మెకానిక్కు, లాప్‌టాప్ దగ్గర్నుంచి.

అత్తగారికి నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి వంగి సంచీ జిప్పు తీశారు. బొంతలు తీసి కోడలి చేతిలో పెట్టారు. తర్వాత శాలువాలు తీశారు. మేజోళ్లు తీసి, "ఇవెందుకు పెట్టానో," అన్నారు. కోటు తీసి కాసేపు పట్టుకుని, తనే వెళ్లి కొక్కేనికి తగిలించి వచ్చారు. రెండు జతలతో సంచీ బక్కచిక్కిపోయింది.

"నాలుగు రోజులు. ఐదో రోజు పొద్దున బస్సుకి వస్తాను. ఈలోగా ఆ కుక్కరు పొయ్యెక్కించండి. ఇంట్లో కూత లేక చెవులు చచ్చిపోయాయి."

బస్సుకింకా టైముంది. ఎడిటరుగారు గుమ్మం దగ్గరి బల్లమీద కూర్చుని, ఒక్క పేరా చదువుతాను, వినిపెట్టమని వేడుకున్నారు. అత్తగారు ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. ఆయన పుస్తకం తెరిచి, కళ్లు సగం మూసి, "ఉన్నచోటు విడువనివాడే చేరవలసిన చోటును విడిచినవాడు," అని చదివారు.

ఊఁ రాలేదు.

ఆయన గొంతు పెంచి మళ్లీ చదివారు. తగ్గించి చదివారు. పదం పదం విడదీసి చదివారు. అత్తగారు మర్యాదగా చూస్తూ కూర్చున్నారు, ఊఁ మాత్రం రాలేదు. "కావాలని ఆపట్లేదు బాబూ. రావట్లేదు," అన్నారు నొచ్చుకుంటూ. ఎడిటరుగారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. కాసేపటికి చొక్కా అంచు నలుపుకుంటూ, ఎటో చూస్తూ మాట్లాడారు.

"మా ఆవిడ పుట్టింటికి వెళ్లి చాలా కాలమైందమ్మా. వెళ్లేటప్పుడు, 'పుస్తకం అయ్యాక రండి,' అంది. కోపంగా కాదు, మామూలుగానే. అయ్యాక వెళ్దామనుకున్నాను. ఇది అవ్వలేదు."

"ఊఁ," అన్నారు అత్తగారు.

ఎడిటరుగారు తలెత్తి ఆవిడ వైపు చూశారు.  గోడ అవతల పొరుగావిడ మంచం కిర్రుమంది. ఆయన లేచి, "మా ఆవిడ వాళ్ల ఊరి వైపు వెళ్లే బస్సు కూడా మధ్యాహ్నమే ఉందనుకుంటాను," అన్నారు. ఉందని, ఏ చోటినుంచి బయలుదేరుతుందో కూడా కోడలు అలవాటైన గొంతుతో చెప్పింది.

అందరూ కలిసి బస్టాండుకు వెళ్లారు. సంచీని ఎడిటరుగారే మోశారు. పుస్తకం బరువుగా ఉందని మెకానిక్కు చేతికిచ్చి, ఆఫీసుకు ఫోన్ చేసి ఇప్పుడే వస్తానని చెప్పమన్నారు. ఆయన బస్సే ముందు కదిలింది. ఆ తర్వాత అత్తగారి బస్సు. కిటికీలోంచి చెయ్యి ఊపుతూ అత్తగారు, "ఐదో రోజు, పొద్దున బస్సు!" అని అరిచారు. పైన మైకులో గొంతు తన పని తను చేసుకుపోయింది. కోడలు ఈసారి దాన్ని వినలేదు. మొగుడికి ఏదో చెబుతోంది. అతను, "ఆఁ?" అంటున్నాడు.

చెల్లెలు అక్క ఒళ్లంతా తడిమి చూసి, తాళం గుర్తులు లేవని నమ్మడానికి రెండు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున అత్తగారు దిగారు. రాగానే కుక్కరు చూశారు. తర్వాత అలమార తెరిచి, "బొంతలు ఇలాగేనా మడతపెట్టేది?" అని కోడల్ని కోప్పడ్డారు. పుస్తకం ఆఖరి అధ్యాయంతో సహా బయటకు వెళ్లింది. విన్నవాళ్లు ఏమయ్యారో సంస్థకు ఇంకా తెలియలేదు. ఆఫీసులో ఎడిటరుగారి బల్లమీది దీపాన్ని కొన్నాళ్లు అలాగే వెలిగించి ఉంచి, తర్వాత ఆపేశారు.

ఆయన తిరిగి రాలేదు. వెళ్లింది ఆ బుధవారం, మధ్యాహ్నం బస్సుకి.